తిరుపతమ్మ విద్యాలయ సందర్శనము

మృగశిరకార్తె ప్రవేశించి పక్షము కావచ్చినను మేఘుడు మొగము చూపకుండుటచే నేల నెఱ్ఱెలు విచ్చి నోరు తెఱచుకొనియుండగా పడమటిగాలి కమ్మరి కొలిమితిత్తినుండి వెడలినట్లు సెగలు గ్రక్కుచు వీచుచుండగా బాటకిరువంకల తుమ్మచెట్లు లోభులవలె తమ చాలీచాలని నీడను తమ మొదళ్ళయందే దాచుకొని నిలిచియుండగా ఆ పట్టణపు పొలిమేరలయందు పైరుపచ్చలకు మాఱుగా కళాశాలల ప్రకటనఫలకములు చుక్కనీరు లేకయే ఏపుగా పెరిగియుండెను. ప్రతిఫలకమునందును ఒక బాలిక చిఱునవ్వు చిందించుచుండెను. మొదటి మైలురాయికడ ఆమె పేరు ప్రణవి. రెండవ మైలురాయికడ సాహితి. రైల్వేగేటు దాటునప్పటికి ఆ మొగమే ఆ జడయే ఆ చెవిపోగులే యుండగా పేరు మఱియొకటి యయ్యెను గాని రాష్ట్రప్రథమస్థానము మాత్రము చెక్కుచెదరలేదు. ఇన్ని కళాశాలలయందు ఏకకాలమున చదివి ఇన్ని పేరులతో ఒక్క స్థానమునే పడసిన ఆ చిన్నది పూర్వజన్మమున ఏ కామరూపవిద్యను సాధించెనో మానవమాత్రులకు తెలియదు.

ఆ ఫలకముల క్రింద దుమ్ము లేపుకొనుచు పోవుచున్న యొక ఆటోయందు ఇరువురు కూరుచుండిరి. అందు పెద్దది తిరుపతమ్మ. మిరపతోటల పల్లెలయందు ఆమె పేరు వినినచో వరుని తల్లిదండ్రులకు గుండె జాఱును. ఏలయన ఎవ్వరి పిల్లకు సంబంధము చూడవలసివచ్చినను ఆమెను ముందిడుకొని పోవుట అచ్చటి వాడుక. ఆమె పోయినచోట చావడిలో వేసిన కుర్చీని కన్నెత్తియు చూడదు. తిన్నగా దొడ్డిలోనికి నడచి నూతిగట్టును వంటయింటి చూరును అంట్లు తోము స్థలమును పరీక్షించి పిమ్మట గాని మంచినీరైన ముట్టదు. ఒకానొక మేడను ఆమె అట్లు వెనుకనుండి చూచి పెదవి విఱిచి మాటాడక మరలిరాగా ఆ అవమానమును భరింపజాలక మేడ వెనుకగోడ తానై కదలి ముందునకు వచ్చి వీధిలో కూలబడెనని జనులు నేటికిని చెప్పుకొందురు. చూచినవారు లేరు. నమ్మనివారును లేరు.

రెండవది ఆమె తమ్ముని కొమార్తె లిఖిత. రసాయనశాస్త్రము చదువవలెనని కోరిక గల పిల్ల. ఇంటరుమీడియట్టు రెండువత్సరములును ఆ శాస్త్రప్రయోగములు ఆమెకు సుద్దముక్కతోనే జరిగెను. ఉపాధ్యాయుడు నల్లబల్లపై బ్యూరెట్టను సన్నని గాజుగొట్టపు బొమ్మను గీసి దానిక్రింద కూజా బొమ్మను గీసి ఇప్పుడు ఆమ్లమున క్షారము కలిసి గులాబిరంగు వచ్చినదనుకొనుడని పలుకగా పిల్లలందఱును వచ్చినదనుకొని వ్రాసికొనిరి. ప్రభుత్వపరీక్షయందును అట్లే అనుకొనిరి. అనుకొన్నందులకు ఆమెకు పూర్తిమార్కులు వచ్చెను. నాటినుండి ఆ పిల్లకు మార్కులపట్టీని ఎవ్వరైన మెచ్చుకొన్నచో మొగము ఎఱ్ఱబాఱుచుండెను. ఆ గులాబిరంగును కన్నులార చూడవలెను. తన చేతితో రప్పింపవలెను. డిగ్రీకళాశాలల వెబ్ ఆప్షన్లకు ఆనాటి సాయంకాలమే గడువు. ఒక్కమాఱు ఫోనులో మీట నొక్కినచో మూడువత్సరములు ఆ చోటనే పడియుండవలెను.

“అత్తా, నేనడిగేది ఒక్కటే. ల్యాబ్ చూపించమనాలి. మిగతాయన్నీ మనం అడక్కపోయినా చూపిస్తారు” అని పిల్ల పలికెను.

“నువ్వు ల్యాబు చూడు, నేను దొడ్డి చూస్తా. ఇద్దరం చూసినాక గదా మాట” అని తిరుపతమ్మ బదులుచెప్పెను.

ప్రథమ విద్యాలయముయొక్క నామధేయమును వ్రాసి కాగితమును మైలపఱచుట యనవసరము. దాని ముఖద్వారము విజయనగరపు కోటగుమ్మమును వెక్కిరించుచుండెను. ద్వారమునకెదుట ఒక జలయంత్రమును దాని నడుమ సంస్థాపకుని నిలువెత్తు విగ్రహమును కలవు. విగ్రహము నిజపురుషునికంటె రెండింతలు పొడవు. అతడు కన్నతల్లికైన నంత పొడవుగా కనబడియుండడు. కారులలో వచ్చు అతిథులను చూచిన తోడనే కావలివాడు మీట నొక్కి నీటిధారలను ఎగజిమ్మించుట అచ్చటి మర్యాద. వాడు చేయెత్తి మీటదాక కొనిపోయి వచ్చినది ఆటో యని కనుగొని ఆ చేతితో మెడ గోకుకొనెను.

మెడకు టై బిగించుకొన్న యువకు డొకడు పరుగున వచ్చి తాను పీఆర్వో నని చెప్పుకొని వారిని శీతలీకృత సభాభవనమునందును అద్దముల వ్యాయామశాలయందును త్రిప్పి ఇచ్చట చదివినవారికి దేశదేశముల ద్వారములు తెఱచియుండునని నొక్కి వక్కాణించెను.

“ల్యాబ్ ఎక్కడండీ?” అని లిఖిత అడిగెను.

“వరల్డ్ క్లాస్ ల్యాబమ్మా. తాళంచెవి ఛైర్మన్ గారి బావమరిది దగ్గరుంది. ఆయన హైదరాబాద్ వెళ్ళారు.”

“ఎప్పుడొస్తారు?”

“వస్తారమ్మా. రాకుండా ఎక్కడికి పోతారు?”

ఈ సంభాషణము జరుగునంతలో తిరుపతమ్మ కనబడకపోయెను. ఆమె తన వాడుకచొప్పున భవనమునకు వెనుకదెసకు నడచియుండెను. పీఆర్వో వెంట పరుగెత్తెను. ఏమి చెప్పుదుము. ఆ మూడంతస్తుల అద్దాలమేడకు ముందుభాగమే కలదు. ఒక్కగది లోతు గడచినంతనే గోడలు లేవు తలుపులు లేవు. తుప్పుపట్టిన యినుపకమ్ములు ఆకాశమును గుచ్చుచు స్తంభములు మాత్రము నిలిచియుండెను. మెట్లు కట్టుటకై పోసిన మట్టివాలుమీదుగా ఎక్కివచ్చిన యొక ముఱ్ఱాగేదె రెండవ అంతస్తు అంచుకడ నిలిచి తీరికగా నెమరువేయుచు క్రిందివారిని ప్రధానాధ్యాపకునివలె పరికించుచుండెను.

తిరుపతమ్మ నడుముపై చేయుంచుకొని ఆ గేదెను చాలసేపు చూచెను.

“బాబూ, మీ కాలేజీలో అందరికన్నా పైకొచ్చింది ఇదొక్కటే గామాల” అనెను.

పీఆర్వో టైని సరిచేసికొని వచ్చు విద్యాసంవత్సరమునాటికి పూర్తియగునని పలికెను. గేదె అంతదాక వేచియుండుటకు సమ్మతించినట్లు తలయూపెను.

ద్వితీయ విద్యాలయమునందు వెనుకభాగము కలదు. తిరుపతమ్మ ముందుగా దానినే చూచి వంటశాలయందలి సాంబారు గుండిగను గరిటెతో కలియబెట్టి అడుగున పప్పు దొరకక ఉసూరుమని మరలివచ్చెను. అచ్చట ప్రిన్సిపాలే స్వయముగా ఎదురువచ్చి మెత్తని సోఫాలయందు కూరుచుండబెట్టి చల్లని మజ్జిగ తెప్పించి లిఖిత ప్రయోగశాల మాట యెత్తినంతనే చిఱునవ్వుతో లేచి ముందునడిచెను. తలుపు తెఱచుకొనగానే ఆ పిల్ల గడపకడనే నిలిచిపోయెను. నల్లరాతి బల్లలు అద్దములవలె మెఱయుచుండెను. బ్యూరెట్లు వరుసగా నిలువబడి పెండ్లిపందిరి గుంజలవలె ఒప్పుచుండెను. సీసాలపై ఆమ్లముల పేరులు క్షారముల పేరులు ముత్యములవంటి యక్షరములతో వ్రాయబడియుండెను. ఆమె సొగసు చూచుటకు రాలేదు గనుక నేల చూచెను. నేలపై మరక లేదు. బల్లపై గీత లేదు.

“నేనొకసారి చేసి చూడొచ్చా సార్?” అని యామె మెల్లగా అడిగెను.

ప్రిన్సిపాలు ఆనందభరితుడై ఛాయాగ్రాహకుని పిలిపించి ఈ చిత్రమును కరపత్రమున వేయుదుమని చెప్పి అనుజ్ఞ యొసగెను. లిఖిత ఆమ్లమని వ్రాసియున్న సీసానుండి కూజాలోనికి వంచి సూచకమని వ్రాసియున్న సీసానుండి రెండుచుక్కలు కలిపి క్షారమని వ్రాసియున్న దానిని బ్యూరెట్టున నింపి మీటను త్రిప్పెను. ఒక్కొక్క చుక్కయు జాఱుచుండెను. ఛాయాగ్రాహకుడు మోకాళ్ళపై కూరుచుండెను. ప్రిన్సిపాలు గులాబిరంగును స్వాగతించుటకు తగిన మొగమును సిద్ధపఱచుకొనెను. బ్యూరెట్టు ఖాళీ యయ్యెను. ఆమె తిరిగి నింపెను. అదియు ఖాళీ యయ్యెను. కూజా నిండి అంచుదాక వచ్చినను అందలి ద్రవమునకు రంగు రాకయే యుండెను.

ఆ క్షణమున ఆ పిల్లకు కన్నుల నీరు తిరిగెను. సుద్దముక్కతో నేర్చినదానికి చేతితో చేయుట ఎట్లు వచ్చునని తనను తాను నిందించుకొనెను. ఎచ్చట పొరబడితినో యని బొమ్మను మనసున గీసికొని మొదటినుండి వెదకుచుండెను.

అంతట తిరుపతమ్మ ఆమ్లపు సీసాను చేతికి తీసికొనకయే దానికెదురుగా వంగి వెలుతురునకు కన్ను చిట్లించి చూచెను.

“అమ్మాయ్, ఇట్టా రా. ఇందులో ఏందో ఈతకొడతన్నయ్.”

లిఖిత వంగి చూచెను. హైడ్రోక్లోరిక్ ఆమ్లమని వ్రాసియున్న ఆ సీసాలో దోమపురుగులు తోకలాడించుచు పైకి క్రిందికి విహరించుచుండెను. కొన్ని కడుపునిండినవై అడుగున విశ్రమించియుండెను. కొన్ని రెక్కలు మొలచి మూతక్రింద ప్రయాణమునకు సిద్ధముగా నుండెను.

“నీళ్ళా?” అని యామె అడిగెను. ఆ ఒక్కమాటతో ఆమె కన్నుల నీరు ఇంకిపోయెను.

ప్రిన్సిపాలు తొణకలేదు. “పిల్లల భద్రత కోసమమ్మా. యాసిడ్ అంటే ప్రమాదం. కాలేజీ పెట్టినకాడ్నించీ మా ల్యాబ్‌లో ఒక్క యాక్సిడెంట్ జరగలేదు తెలుసా?”

“ఎట్టా జరుగుద్దయ్యా, దోమలు కుట్టటం తప్ప” అని తిరుపతమ్మ తలుపువైపు నడిచెను. ఛాయాగ్రాహకుడు అలవాటుచొప్పున ఆ నడకను చిత్రించెను.

మిట్టమధ్యాహ్నము దాటినపిమ్మట వారు ప్రభుత్వకళాశాలకు చేరిరి. అచ్చట వారిని పిలిచినవారు లేరు. ఎవరని అడిగినవారు లేరు. గుమ్మమున పరుండియున్న కుక్క ఒకకన్ను తెఱచి మీ యిష్టమన్నట్లు మూసికొనెను. ప్రహరి పడిపోయియుండెను. మరుగుదొడ్లనుండి వెడలు దుర్గంధము అతిథులను దూరమునుండియే చేయిపట్టి కొనివచ్చుచుండెను. తిరుపతమ్మ కొంగుతో ముక్కు మూసికొని “దీనికి వెనకా లేదు, ముందూ లేదు. పోదాం పదవే” అని చేయి లాగెను. కాని లిఖితకు ఆ దుర్గంధమునడుమ వేఱొక వాసన తగిలెను. ముక్కుపుటములను సూదులతో గ్రుచ్చినట్లు ఘాటైన వాసన. ఆమె దానివెంట నడచి కొస గదిలోనికి తొంగిచూచెను.

“ఎవరది? ఏందమ్మా ఆ చున్నీ అట్లా వేలాడేసుకొనొస్తన్నావ్?” అని లోనుండి యొక గద్దింపు వినవచ్చెను. నెరసిన జుట్టును బిగించి ముడివేసికొన్న రసాయనశాస్త్రోపన్యాసకురాలు సుభాషిణి అచ్చట నిలిచి ద్వితీయవత్సర విద్యార్థులచే ప్రయోగము చేయించుచుండెను. “ముందు ముడెయ్ దాన్ని. పక్కన యాసిడుంది. కన్నుబోతే మీ ఇంటోళ్ళకి నేను సమాధానం చెప్పుకోవాలా?”

కోటగుమ్మములయందును సోఫాలయందును లభింపని యానందము ఆ తిట్టునందు లిఖితకు లభించెను. ఆమె చున్నీని నడుమునకు బిగించి లోనడుగిడెను. బల్లలు పొక్కిలిపడియుండెను. నేల నిండ పచ్చని గోధుమరంగు మరకలు. పనిచేయు బ్యూరెట్లు కొన్నియే యుండుటచే విద్యార్థులు రేషను దుకాణముకడవలె వరుసకట్టి వంతులకై వేచి ఒకరినొకరు మోచేతులతో పొడుచుకొనుచుండిరి. అంతలో ముందున్నవాని కూజాలో ఒక్కచుక్క పడినంతనే లేతగులాబి మెఱసెను. కుదుపగానే మాయమయ్యెను. మఱియొకచుక్కకు నిలిచెను. వాడు తమకమున మీటను కట్టక జాఱవిడువగా అది ముదిరి దానిమ్మరసమువలె నయ్యెను.

“ఎక్కువైంది. పారబోసి మళ్ళీ చెయ్” అని సుభాషిణి వానిని గద్దించి లిఖితవైపు తిరిగెను. “ఇక్కడ చేరదామనా? ఎందుకమ్మా? రెండు లెక్చరర్ పోస్టులు ఖాళీ. నీళ్ళు పొద్దునపూట రావు. వానొస్తే ఆ మూలంతా కారుద్ది. హాస్టల్ సంగతి నన్నడగొద్దు.”

“ఇన్నావుగా. ఆమే వద్దంటంది” అని తిరుపతమ్మ గుమ్మమునుండి పలికెను.

లిఖిత ఫోను తీసి ఆ కళాశాల పేరును మొదటిస్థానమున నుంచి మీట నొక్కెను. నొక్కి ఆ వరుస చివరకు పోయి నిలుచుండెను.

“నీకివాళ వంతు రాదు” అని సుభాషిణి పలికెను.

“నిలబడతాను మేడమ్.”

సుభాషిణి ఆమెను ఎగాదిగా చూచి పొమ్మనలేదు. రమ్మననులేదు.

లోకమున పొరబాటు జరుగుటకు వీలులేని విద్యాలయము లనేకములు కలవు. వానియందు నీరు నీటితో కలిసి నీరగును. చదివినవాడు చదువనివానివలెనే చెక్కుచెదరక బయటికి వచ్చును. పొరబాటు చేసినచో పారబోసి మరల చేయుమని తిట్టువారున్న చోటు మాత్రము అరుదు. అట్టి చోట గోడలు పడియుండుటయు ముక్కు మూసికొనవలసివచ్చుటయు ఈ కాలపు న్యాయమేమో కాని మెచ్చదగినది కాదు.

తిరుపతమ్మ తమ్ముని కూతురిని పేరుపెట్టి పిలిచి చూచెను. కన్నెఱ్ఱజేసి చూచెను. పిల్ల కదలలేదు. అంతట ఆమె విసుగుతో గుమ్మము దాటి లోనికి రాగా సుభాషిణి తలయెత్తి “మీరు కూడా. కొంగు దోపుకోండి” అనెను. వియ్యంకులనే గడగడలాడించి యెవ్వరి యానతిని పాటింపని ఆ తిరుపతమ్మ పెదవి విఱిచి గది నలుమూలలు కలయజూచి పట్టుకొంగును నడుమున దోపుకొని వరుసలో మేనకోడలి వెనుక నిలుచుండెను.