మూల విరిగిన స్లైడు

ఆ కాలేజీ జీవశాస్త్రం ల్యాబులో పన్నెండేళ్ళుగా గాజు సామాను కడుగుతున్న ఆవిడని అందరూ చిన్నక్క అనే పిలుస్తారు, ఆవిడకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా. చిన్నక్కకి ఒక దురలవాటుంది. పిల్లలు వాడి వదిలేసిన స్లైడుని నీళ్ళలో వేసేముందు ఒక్కసారైనా మైక్రోస్కోపు కింద పెట్టి చూడనిదే ఆవిడకి చెయ్యాడదు. అరగంట పని గంటన్నర పట్టేది. ఇంటికెళ్ళాక అత్తగారి చేత చీవాట్లు.

"ఆ మురికిలో ఏం కనిపిస్తుందే నీకు?"

"ఊళ్ళకి ఊళ్ళే కనిపిస్తాయత్తయ్యా!"

ఇప్పుడు అదే ల్యాబులో అసిస్టెంటు ఉద్యోగం ఖాళీ అయింది. చిన్నక్క దరఖాస్తు పెట్టింది. ఆఫీసు గుమాస్తా అందులో చదువు అన్నచోట 'లేదు' అని రాసేశాడు. డిగ్రీ రెండేళ్ళు చదివి మానేశానని ఆవిడ చెప్పబోయింది. "పట్టా ఉందా? లేదుగా! మరి లేదనే కదా రాస్తారు" అన్నాడతను. ఆ మాట చిన్నక్క మనసులో ముల్లులా దిగబడిపోయింది.

ప్రొఫెసరుగారు నవ్వితే జీతం కోస్తారేమో అన్నట్టుండే మనిషి. "పట్టా సంగతి తర్వాత. పరీక్ష పెడతాను, నెగ్గితే సంతకం పెడతాను" అన్నారు. ఇరవై స్లైడ్ల మీది చీటీలు పీకేసి బల్లమీద పరిచారు. పక్కన రెండు డబ్బాలు పెట్టారు.

"బాక్టీరియా లాంటి కేంద్రకపూర్వ జీవులు నీలం డబ్బాలో. మొక్కలు, జంతువులు, బూజులు, కణంలో నిజమైన కేంద్రకం ఉన్న జీవులన్నీ ఎర్ర డబ్బాలో. గంట టైము. ఒక్కటి తప్పినా ఇక నన్నడగొద్దమ్మా."

చిన్నక్క కొంగు దోపుకుని కూర్చుంది. ఉల్లిపొర ఇట్టే దొరికిపోయింది, గడి గడికీ ఒక చుక్క. తర్వాత పచ్చటి దారాలు కనిపించాయి. చూడ్డానికి అచ్చం నాచే, కానీ ఎంత వెతికినా కేంద్రకం జాడ లేదు. 'పచ్చగా ఉంటే చాలు, మొక్కవైపోదామనే!' అని నవ్వుకుని నీలం డబ్బాలో పెట్టింది. ఆఖరి స్లైడులో లేత గులాబీ రంగు గుండ్రాలు, ఒక్కదాంట్లోనూ కేంద్రకం లేదు. అదీ నీలం డబ్బాలోకే వెళ్ళింది.

"అయిపోయింది సార్" అంది. ఇంకా పది నిమిషాలుంది.

అన్నదేగానీ మనసు కుదుటపడలేదు. అదే లెన్సు కింద బాక్టీరియా నలుసుల్లా కనిపించాయి. ఇవేమో పళ్ళేలంత ఉన్నాయి. ఎందుకని?

"సార్, ఒక్కటి మళ్ళీ చూడొచ్చా?"

"చూడు. డబ్బా మారిస్తే మాత్రం కారణం చెప్పాలి. ఊహలు ఒప్పుకోను."

స్లైడుని ఈ చివర్నుంచి ఆ చివరికి జరుపుతూ పోయింది. గులాబీ గుండ్రాలు, మళ్ళీ గుండ్రాలు. కళ్ళు లాగేస్తున్నాయి. అంచు దగ్గరికొచ్చేసరికి ఒక పెద్ద కణం కనబడింది, దాని కడుపులో ఊదారంగు కేంద్రకం మూడు తమ్మెలుగా విడిపోయి ఉంది. తెల్ల రక్తకణం! అయితే దీని చుట్టూ ఉన్నవి బాక్టీరియా కావు, ఎర్ర రక్తకణాలు. స్లైడు తీసి వెలుతురుకి పెట్టి చూసింది. ఒక మూల విరిగి ఉంది.

ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఆ మూల విరగ్గొట్టింది తనే. ఆ రోజే రక్తపు చుక్క కోసం తెచ్చిన సూది చూసి పిల్లలంతా వెనక్కి తగ్గితే, తప్పు మాఫీ అవుతుందని తన వేలు ముందుకు చాచింది. ఆ చుక్క పూసింది ఈ స్లైడు మీదే.

"సార్, ఇది నాది" అంది.

"స్లైడు కాలేజీదమ్మా."

"స్లైడు కాదు సార్, రక్తం. నా రక్తాన్ని నేనే తీసుకెళ్ళి బాక్టీరియాలో కలిపేశాను." నవ్వు ఆగలేదావిడకి.

ప్రొఫెసరుగారు నవ్వలేదు. "వీటికీ కేంద్రకం లేదుగా? నీలం డబ్బాలోనే ఉండనీ."

"ఇప్పుడు లేదు సార్. పుట్టినప్పుడు ఉంటుంది. ప్రాణవాయువు మొయ్యడానికి చోటు కావాలని కణమే దాన్ని బయటికి తోసేస్తుంది. మీరు పిల్లలకి చెబుతుంటే సింకు దగ్గర విన్నాను. ఉన్నదాన్ని వదులుకున్నదీ, మొదట్నుంచీ లేనిదీ ఒకటెలా అవుతాయి సార్?"

చివరి మాట కాస్త గట్టిగానే అనేసింది. ఎందుకో ఆవిడకి వెంటనే తెలియలేదు. బల్లమీదున్న తన దరఖాస్తులో గుమాస్తా రాసిన 'లేదు' చూశాక తెలిసింది.

ప్రొఫెసరుగారూ అటే చూశారు. "చదువెందుకు మానేశావమ్మా?"

"నాన్న మంచాన పడ్డారు సార్. ఇల్లు నేనే చూసుకోవాల్సొచ్చింది."

ఆయన కలం తీసి 'లేదు' అన్న మాట కొట్టేశారు. పక్కన 'డిగ్రీ రెండేళ్ళు' అని రాసి, కింద సంతకం పెట్టారు. తర్వాత స్లైడు ఆవిడ చేతికిచ్చారు.

"దీనికి చీటీ నువ్వే రాసి అంటించు. అలవాటు కొద్దీ కడిగెయ్యకు."

చిన్నక్క చెయ్యి తుడుచుకుని కలం అందుకుంది.