ఏడు మూతల్లో మూడు

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఆట. మనిషికి మూడు మూతలే తెచ్చుకోవాలి. మా బిడ్డ యాదలక్ష్మి దగ్గర ఏడున్నాయి. ఆ ఏడింటిలో ఏదో ఒకటి పిల్ల చేతిని కాల్చింది. ఏదన్నది తెలియదు.

ముందు ఆట సంగతి చెప్పాలి. మా చౌటుప్పల్ చుట్టూ మందుల ఫ్యాక్టరీలు వచ్చినప్పటి నుంచి ఖాళీ డ్రమ్ములకు కొదవ లేదు. పక్కింటి మొయినుద్దీన్ భాయ్ వాటిని కొనుక్కొచ్చి, కడిగి, ఇళ్లు కట్టేవాళ్లకు అమ్ముతాడు. డ్రమ్ము పగిలితే మూత మిగులుతుంది. ఆ మూతల్ని పిల్లలు పళ్లెం తిప్పి కొట్టినట్టు విసిరీ విసిరీ ఒక ఆట చేసుకున్నారు. నూలు ఆరేసే బయలులో ఆరు చోట్ల ఆరు పాత గంపలు పెడతారు. గంపలో పడేదాకా మూత విసరాలి. అది ఎక్కడ పడితే అక్కడి నుంచే మళ్లీ విసరాలి. ఆరు గంపలూ ఎవరు తక్కువ విసుర్లలో ముగిస్తే వాళ్లు గెలిచినట్టు. పోయిన ఎండాకాలం రోడ్డవతలి వాడ పిల్ల ఒకతి గోనెసంచి నిండా మూతలు తెచ్చి, ప్రతిసారీ ఏది విసరాలో తేల్చుకోలేక అందరినీ పొద్దెక్కేదాకా ఎండలో నిలబెట్టిందట. అందుకే ఈసారి మనిషికి మూడే అన్నారు.

సోమవారం యాదలక్ష్మి బడి నుంచి వచ్చేసరికి కుడి అరచెయ్యి ఎర్రగా కంది ఉంది. పొద్దు గూకేసరికి బొటనవేలికీ చూపుడు వేలికీ నడుమ చిన్న చిన్న బొబ్బలు లేచాయి. దవాఖానలో డాక్టరు చూసి, ఏదో ఫ్యాక్టరీ మందు తగిలింది, ఏది తగిలిందో చూసుకుని దాన్ని దూరం పెట్టండి అన్నాడు. పూయడానికి ఒక ట్యూబు రాసిచ్చాడు. ఆయనకేం, అనేశాడు.

ఇంటికొచ్చి ఏడు మూతలూ అరుగు మీద పరిచాను. కొన్నిటి మీద ఇంగ్లీషు అక్షరాలున్నాయి. నేను చదివింది ఏడో తరగతి దాకానే. అక్షరాలు కూడబలుక్కుంటే వచ్చాయి గానీ అర్థం రాలేదు. మా ఆయన ఐలేశం అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్నాడు. మగ్గం ఆపేసి ఆయన ఫ్యాక్టరీకి పోవడం మొదలుపెట్టి రెండేళ్లు.

"ఏడుకు ఏడు తీస్కపోయి పారెయ్యి. ఒడుస్తది," అన్నాడు.

"ఆదివారం ఆటున్నది గద పిల్లకు."

"చెయ్యి పోయినంక ఏం ఆటనే?"

"నువ్వు గాడనే పని చేస్తవ్ గద. గీ డ్రమ్ములల్ల ఏముంటదో నీకు తెల్వదా?"

"నేను సంచులు కుట్టేటోన్ని. లోపల ఏమున్నదో నాకెవడు చెప్తడు? నంబరు చెప్తరు, గంతే."

పారేయడం ఎంతసేపు? కానీ నన్ను బడి మాన్పించినప్పుడు మా వాళ్లు బడి ఒక్కటే మాన్పించలేదు. ఆ వారంలోనే రింగాట వద్దన్నారు, సైకిలు వద్దన్నారు, గుమ్మం ముందు నిలబడడం కూడా వద్దన్నారు. అన్నీ ఒకేసారి వద్దనడం సులువని అప్పుడే తెలిసింది. నా పిల్లకు చేతిని కాల్చిన ఆ మూత ఒక్కటే వద్దని, మిగతావి ఉండనివ్వాలని నాకు ఆశ.

మంగళవారం ఒక ఆలోచన తట్టింది. ఒక్కో మూత అంచును తడిపి నా ఎడమ చేతికి రుద్దుకున్నాను. మణికట్టు నుంచి మోచేయి దాకా ఏడు చోట్ల. ఏ చోట ఏ మూత రుద్దానో మరిచిపోకుండా ఆ మూత రంగు నూలుపోగే ఆ చోటికి పైన కట్టుకున్నాను. ఎరుపు, తెలుపు, నీలం, నలుపు, పచ్చ, పసుపు, బూడిద. ఇక గంటకోసారి చూసుకోవడమే. ఏ పోగు కింద చూసినా దురద ఉన్నట్టే ఉండేది. గోకితే పోయేది. గోకడం వల్ల ఎర్రబడిందా, మూత వల్లనా? గురువారం మళ్లీ రుద్దాను. ఏమీ లేదు.

ఈ లోపల యాదలక్ష్మికి నా ఫికర్ పట్టలేదు. చేతికి మందు పూసుకుని, ఏ మూడు తీసుకుపోవాలా అని తన గోలలో తనుంది.

"తెల్లది తీస్కపోరాదే, మెత్తగున్నది," అన్నాను.

"మెత్తగుంటే ఏం జేసుకోవాలె? లారీ పోయినప్పుడు గాలొస్తే రోడ్డు మీద పడ్తది."

"మరి నీలిది?"

"అది ఎడమకు మల్గుతది. మూడో గంపకు తాటిచెట్టు అడ్డముంటది గద, గాడ అదే గావాలె."

"నల్లది?"

"దగ్గరికైతే పిట్ట వాలినట్టు వాల్తది. దూరం పోదు."

"అన్నీ పనికొచ్చేటివే అంటున్నవ్. మూడెట్ల ఏరుతవే?"

"గదే గదమ్మా ఆట!" అని నవ్వింది. నాకు మాత్రం తల తిరిగింది. పిల్ల ఎగిరేదాన్ని వెతుకుతోంది, నేను కాల్చేదాన్ని వెతుకుతున్నాను. ఇద్దరం ముందేసుకున్నవి మాత్రం అవే ఏడు.

శనివారం మధ్యాహ్నం నా చేతి మీద ఒక్క బొబ్బా లేదు. అంటే ఏ మూతలోనూ ఏమీ లేదు, పిల్ల ఇంకెక్కడో ఏదో ముట్టుకుందన్న మాట. గుండె తేలికపడి, నూలుకు రంగు అద్దడానికి కూర్చున్నాను. మొయినుద్దీన్ భాయ్ ఇల్లాలు షంషున్నీసా ఆపా గోడ మీదుగా తొంగిచూసింది.

"ఏం నర్సమ్మా, గన్ని తాయెత్తులు కట్టినవ్? మొగుడు మాట ఇంటలేడా?"

"తాయెత్తులు గాదు ఆపా," అని రంగు అద్దుతూనే జరిగిందంతా చెప్పాను. ఆపా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి దగ్గింది.

"అరె పాగల్! గా చెయ్యి మీదనా చూస్తివి? జర నీ చెయ్యి యాడున్నదో చూస్కో."

చూసుకున్నాను. మోచేతి దాకా రంగు బానలో ఉంది.

"పదేండ్ల సంది రంగుల, కాస్టిక్ నీళ్లల్ల నానిన తోలు అది. దాని మీద నిప్పు పెట్టినా తెలుస్తదా? పసిపిల్ల తోలు, నీ తోలు ఒక్కటేనా?"

బాన లోంచి చెయ్యి తీశాను. నీలం రంగు ఏడు పోగుల మీదుగా కారుతోంది. ఏది ఎరుపో ఏది తెలుపో ఇప్పుడు అదీ తెలియలేదు. ఐదు రోజులు నా చేతిని నేను అడిగాను, అదేమో చెప్పడం ఎప్పుడో మానేసింది.

ఆదివారం పొద్దున్నే యాదలక్ష్మి రెండు జడలేసుకుని సంచి ముందు పెట్టుకుని కూర్చుంది. సంచి లాక్కున్నాను.

"ఏడు మూతలూ పారేస్తున్న. ఆట లేదు, ఏం లేదు."

అంటుంటే నా గొంతు నాకే మా నాయిన గొంతులా వినిపించింది.

పిల్ల మొహం పాలిపోయింది. "అన్ని పారెయ్యొద్దమ్మా! ఎర్రది ఒక్కటే. ఎర్రదే కాలుస్తది."

"నీకెట్ల తెలుసే?"

"చెయ్యి చెమట పట్టినప్పుడు అది పట్టుకుంటేనే మంట లేస్తది. మిగిలినయి ఏం చెయ్యవు."

"మరి చెప్పవేందే? గీ దారాలు కట్టుకొని పిచ్చిదాని లెక్క తిరుగుతుంటే చూసుకుంట కూసున్నవా?"

"చెప్తే తీసుకుంటవని." కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయిదో గంప దాకా అదొక్కటే పోతది. గుడ్డ చుట్టుకొని విసురుతనమ్మా."

"విసురు, చూద్దాం."

పాత రుమాలు చేతికి చుట్టుకుని, వాకిట్లో నిలబడి విసిరింది. ఎర్ర మూత గుడ్డ మీద జారి కాళ్ల దగ్గరే పడింది. ఇంకోసారి విసిరింది. మళ్లీ అక్కడే. పిల్ల దాని వైపు చూసి, రుమాలు విప్పి నా చేతిలో పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"దానికి బదులు ఏది తీస్కపోవాలె? నువ్వే చెప్పు," అంది. నీలిది, నల్లది అప్పటికే సంచిలో వేసుకుంది.

నాలుగు మిగిలాయి. పచ్చది చూశాను, పసుపుది చూశాను. రోడ్డు గుర్తొచ్చింది, తాటిచెట్టు గుర్తొచ్చింది, ఏది దేనికో మాత్రం గుర్తు రాలేదు. "తెల్లది," అన్నాను.

"నీకేం తెల్వదమ్మా!" అని బూడిద రంగుది సంచిలో పడేసుకుని పరుగెత్తింది.

పొయ్యి దగ్గర నుంచి పట్టకారు తెచ్చి ఎర్ర మూతను పైకెత్తాను. కాల్చేద్దామంటే పొగ ఇంట్లోకే వస్తుంది. మేకలు మేసే కంచెలో వేస్తే అవి నాకుతాయి. మొయినుద్దీన్ భాయ్‌కి ఇస్తే ఇంకో పిల్ల ఏరుకుంటుంది. పాతిపెడదామంటే ఇంటి వెనక ఉన్నది మా బీరపాదు. బయలు వైపు నుంచి పిల్లల అరుపులు వస్తున్నాయి. గెలుస్తున్న అరుపులో, పోట్లాడుకుంటున్న అరుపులో తెలియడం లేదు. మూతను ఎత్తి పట్టుకుని వాకిట్లో ఈ మూల నుంచి ఆ మూలకు రెండుసార్లు తిరిగాను. ఎక్కడా దాన్ని దించే జాగా కనిపించలేదు.