గేటు మర్యాద

లోయ అంచున ఉన్న కంచె గేటుకి ఆ బోర్డు కట్టింది రేంజర్నయిన నేనే: "ఎలా ఉంటే అలాగే వదలండి." మూసుంటే మూసి, తెరిచుంటే తెరిచి. మా యూటా ఎడారిలో అంతకు మించిన మర్యాద లేదు.

ఆ పొద్దున లోయలోకి దిగితే, పశువులు అడుగు పెట్టకూడని ఊట దగ్గర, పొరుగున పశువులు పెంచే థేన్ గారి ఆవులు తాపీగా నీళ్లు తాగుతున్నాయి. ఒళ్లు మండిపోయింది. ముసలాయన గుర్రం మీద రాగానే అందుకున్నాను.

"గేటు బార్లా తెరిచి వదిలేశారేం, పెద్దాయనా?"

"నేనా? నేనొచ్చేసరికే తెరిచుంది. నువ్వే తెరిచావేమోనని ముట్టుకోలేదు. నీ బోర్డు చదవడం నాకూ వచ్చమ్మాయ్!"

నిన్న నాకూ అది తెరిచే కనిపించింది. ఆయన పనేననుకుని నేనూ అలాగే వదిలేశాను.

ఇద్దరం ఆవుల్ని బయటికి తోలి, గేటు మూసి, గొలుసు కొక్కేనికి తగిలించాం. అంతలో ఒక బొల్లి ఆవు తీరిగ్గా వచ్చి, మూతితో గొలుసు ఎత్తి, గేటు తోసుకుని లోపలికి నడిచింది.

థేన్ గారు టోపీ తీసి బుర్ర గోక్కున్నారు.

"ఏం చెయ్యమంటావమ్మాయ్? మూసెయ్యనా, ఎలా ఉందో అలాగే వదిలెయ్యనా?"