రేవు దగ్గర రెండు మాటలు

బచ్చన్నపేట దగ్గరి ఒక ఊరి చెరువులో పూడిక తీసినప్పుడు రేవు పక్కనే నిలువులోతు గుంత పడింది. వానలకు చెరువు నిండేసరికి అది కంటికి కనబడకుండా పోయింది. స్వప్న తల్లి గట్టమ్మ రోజూ బర్రెలను కడిగేది ఆ రేవులోనే. పోయిన వారం కాలు జారింది. బర్రె తోక చేతికి దొరక్కపోతే మునిగిపోయేదే. అయినా రేవు మార్చదు.

"నువ్వు పుట్టకముందు నుంచి దిగుతున్ననే. చెరువు నన్నేం జేస్తది?" అంటుంది.

అక్కడ బోర్డు పెట్టకపోలేదు. స్వప్న, ఆమె భర్త యుగేందర్ నడిపే ఫ్లెక్సీ దుకాణంలోనే తయారైంది. పెద్దమనుషుల ఫొటోలు పదకొండు. ప్రమాదమన్న మాట మాత్రం అడుగున, చీమల బారులా. వారం తిరక్కుండానే ఎవరో దాన్ని పీక్కుపోయి గడ్డివాము మీద కప్పుకున్నారు.

"ఈసారి రేకు మీద నేనే రాస్త," అంది స్వప్న.

"మీ అవ్వకు సదువే రాదు గద. ఎవలకోసం రాస్తవ్?" అన్నాడు యుగేందర్.

స్వప్న కంప్యూటర్ ముందు కూర్చుని అక్షరాల రకాలన్నీ తిరగేసింది. పెళ్లి కార్డుల వంకర అక్షరాలు దాటిపోయాయి. ఒక రకం దగ్గర చెయ్యి నిలిచిపోయింది. గీత ఎక్కడా సన్నబడలేదు. తలకట్టు ఇటుక పేర్చినట్టుంది. ప్రతి కొసకూ దిమ్మెలాంటి చదును పాదం. గుండ్రటి తెలుగు అక్షరం ఇలా కాళ్లూని నిలబడగలదని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ముందు హెచ్చరిక మొత్తం, ఇరవై మాటలు, అందులో పెట్టి చూసింది. అక్షరాలు ఒకదాన్నొకటి తొక్కుకుని నల్లటి ముద్దయ్యాయి.

"ఏందే గిది, మాడిన ఉప్మానా?" నవ్వాడు యుగేందర్.

స్వప్న ఒక్కో మాటే తీసేసింది. తీసేసినకొద్దీ మిగిలినవి పెరిగాయి. చివరికి రెండే నిలిచాయి: ఆగు. లోతు. అక్షరం మూరెడు. కాగితం మీద అచ్చుతీసి, కత్తిరించి, పసుపు రేకు మీద అంచులు గీసుకుని నల్లరంగు నింపింది.

బోర్డు పాతిన మర్నాడు పొద్దున ఆమె చెరువు కట్టెక్కి చూసింది. గట్టమ్మ బర్రెల వెనక వస్తూ వస్తూ బోర్డుకు పదడుగుల దూరంలో నిలబడింది. బర్రెలను అదిలించి ఆపింది. కింది నుంచి పైదాకా చూసింది.

"ఏమే స్వప్నా, గిదేమంటున్నది?"

"నీకేమన్నట్టున్నదవ్వా?"

గట్టమ్మ కర్ర మీద గడ్డం ఆనించింది. "తొవ్వకడ్డం నిలవడ్డట్టున్నది. ఒర్రుతలేదు, బెదిరిస్తలేదు. గని పోనిస్తలేదు."

"లోతున్నది, ఆగుమంటున్నది."

"గట్లనే ఉన్నది తియ్," అని గట్టమ్మ కర్ర తిప్పింది. "తూము దిక్కు నడువుండ్రే! నువ్వు జెప్పినవని గాదు బిడ్డా, ఆడ నీడున్నది."

స్వప్నకు నవ్వు రాలేదు. పెళ్లిళ్లకూ, చావులకూ ఎన్ని వందల పేర్లు అచ్చు కొట్టిందో. ఒక అక్షరం మనిషిని పట్టి నిలపడం మాత్రం ఇప్పుడే చూసింది. రంగు ఆరిందో లేదో చూద్దామని కట్ట దిగింది. పదడుగులు ఉందనగా, తన చేత్తో రాసిన ఆ రెండు మాటల ముందు, ఆమె కాళ్లూ ఆగాయి.