పదకొండో టేబుల్

వానకు తడిసిన అట్టపెట్టె వాసన, అంతే, ఇంకేమీ కాదు, కాకినాడలో రేషన్ షాపు వెనక గోనెసంచులు తడిసి ముద్దయినప్పుడు వచ్చేదే, గ్లాసు పెదవి దాకా రాకముందే జయంతికి తెలిసిపోయింది, సీసా పాడైంది, బిరడాయే పాడు చేసింది దీన్ని, ఈయనకు తెలియడం లేదా, ఇందాక ముక్కు గ్లాసులోనే పెట్టాడుగా, కళ్ళు మూసుకుని మరీ పీల్చాడుగా, పీల్చి ఎక్సలెంట్ అన్నాడు భీమేశ్వరరావు, ఆఫీసులో అందరికీ భీమ్, తనకు మాత్రం పంతొమ్మిదేళ్ళుగా ఏవండీ, చూడండి పెద్దన్న గారూ, షిరాజ్ వైన్ అంటే ఇదండీ, ముందు నేరేడు పండు, చివర్న నాలిక మీద మిరియం తగుల్తుంది, అని ఎదుటి మనిషికి చెప్తున్నాడు, ఈ పాడైన సీసాలోకి నేరేడూ మిరియమూ ఎక్కణ్ణుంచి వచ్చాయండీ, ఆ రెండు మాటలూ నావి కదండీ, మెల్‌బోర్న్‌లో పని నుంచి వచ్చి వేణ్ణీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని, ఇవాళ ఏం పోశావు అని మీరడిగితే నేను చెప్పిన మాటలు, అప్పుడు నవ్వారు, ఇప్పుడు నా ముందే ఇంకొకరికి వడ్డిస్తున్నారు, పుట్టింటి గొప్పలు మేనమామ దగ్గరా అంటే ఇదే.

పెద్దన్న నవ్వుతున్నాడు, ప్రొద్దుటూరు మనిషి, నార్సింగిలో అపార్ట్‌మెంట్లు కట్టి పైకొచ్చినవాడు, ఇప్పుడు ఔటర్ రింగు రోడ్డు పక్కన ఇలాంటిదే పెద్ద రెస్టారెంటు పెడుతున్నాడు, అందుకే ఈ శనివారం మధ్యాహ్నం హైటెక్ సిటీలో పన్నెండో అంతస్తులో ఈ భోజనం, ఈయన ప్రాజెక్టు మార్చితో మూతపడుతోంది మరి, నలభై ఎనిమిదేళ్ళవాడికి ఈ ఊళ్ళో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు, పెద్దన్న రెస్టారెంటులో ఏదో ఒక కుర్చీ దొరికితే చాలని మూడు వారాలుగా వెంటపడుతున్నాడు, నాకు వైన్లన్నీ తెలుసండీ, మెల్‌బోర్న్‌లో మంచి మంచి చోట్లన్నీ తిరిగామండీ అని, నాకీ నేరేడూ మిరియాలూ తెలీదు సార్, నోట్లో ఏసుకుంటే పుల్లగా ఉండాది, అంతే, అంటున్నాడు పెద్దన్న, పాపం ఆయన నాలికే నయం, ఉన్నదున్నట్టు చెప్తోంది, ఇంతలో పక్కన నిలబడ్డ అమ్మాయి, బ్యాడ్జి మీద మౌనిక అని రాసుంది, గ్లాసులు నింపి సీసా పట్టుకుని కదలకుండా నిలబడింది, సార్, జర ఇంకోసారి చూస్తరా, నాకు వాసన కొంచెం వేరేగ అనిపిస్తుంది, అంది, ఎంత మెల్లగా అందో, పిల్లకు తెలిసింది, ఇరవై రెండేళ్ళు కూడా ఉండవు, ముక్కుంది దీనికి.

ఈయనకు కోపం వచ్చింది, వస్తుంది, అరువు తెచ్చుకున్న తెలివి మీద వేలు పెడితే ఎవరికైనా వస్తుంది, నాకు నేర్పుతావా అమ్మా, నువ్వు పుట్టక ముందు నుంచీ తాగుతున్నా, మెల్‌బోర్న్‌లోనే మాకు చెప్పేవాళ్ళు లేరు, మీ మేనేజర్ని పిలువు, అన్నాడు, మేనేజరు వచ్చాడు, సారీ సార్, కొత్త పిల్ల సార్ అన్నాడు, మౌనిక వైపు తిరిగి లోపలికి పో అన్నట్టు తలాడించాడు, ఆ పిల్ల సీసా టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయింది, వెనక్కి చూడలేదు, ఎడమ చెయ్యి ఇంకా వీపు వెనకే ఉంది, అలాగే నేర్పుతారు, ఎడమ చెయ్యి వెనక్కి, సీసా అడుగున బొటనవేలు, చివరి చుక్క తెల్లగుడ్డ మీద పడకుండా మణికట్టు ఒక్క తిప్పు, ముందు ఒక గుక్క మాత్రం పోసి ఆగాలి, ఆ గుక్క ఎందుకో తెలుసాండీ మీకు, రుచి బాగుందని మెచ్చుకోవడానికి కాదండీ, పాడైందేమో చూసి చెప్పడానికి, మెల్‌బోర్న్ రెస్టారెంట్లో పనిచేసిన ఆరేళ్ళలో కొన్ని వేల గుక్కలు పోశాను, నాలుగు సీసాలే వెనక్కొచ్చాయి, నాలుగూ నేనే ముందు పట్టాను, అక్కడి యజమానురాలు, ఒక ముసలావిడ, నా ముక్కు పట్టుకుని లాగి, దీన్ని జాగ్రత్తగా దాచుకో జయా అంది, ఆవిడే తన డబ్బుతో వైన్ పరీక్షకు పంపింది, ఆ సర్టిఫికెట్ ఇప్పుడు మా గోపన్‌పల్లి ఫ్లాట్లో అటక మీద పాత సూట్‌కేసులో చలికోట్ల కింద ఉంది.

అన్నిట్లోకీ తనకు ఇష్టమైంది ఈ షిరాజ్ కూడా కాదు, రీస్లింగ్, తెల్లది, పదేళ్ళు దాచింది, మూత తీయగానే సన్నగా కిరోసిన్ వాసన, మొదటిసారి ముసలావిడ గ్లాసు ఇచ్చి ఏం తగుల్తోంది అంటే, మా అమ్మ స్టవ్ అంది తను, అందరూ నవ్వారు, ఆవిడ నవ్వలేదు, కరెక్ట్ అంది, ఆ నది ఒడ్డు రెస్టారెంటు, కిటికీ పక్కన పదకొండో టేబుల్, సాయంత్రం నాలుగింటికి ఎండ నీళ్ళ మీంచి లేచి ఆ గ్లాసుల్లో పడేది, ప్రపంచంలో ఇంత అందమైన చోటు ఉంటుందా అనిపించేది తనకు, తుడుస్తున్న గుడ్డ చేతిలో ఉండగానే, ఈయన ఒక్కసారన్నా ఆ గుమ్మం తొక్కలేదు, రెండు వీధుల అవతల కారు ఆపుకుని కూర్చునేవాడు, పళ్ళాలు మోసే పెళ్ళాం ఉందని ఏ తెలుగువాడికన్నా తెలుస్తుందేమోనని, ఆ మనిషే ఇప్పుడు చేతులూపుతూ ఏం చెప్తున్నాడో వినండి, ప్రతి పెళ్ళిరోజూ అక్కడేనండీ, పదకొండో టేబుల్ మాకోసం ఖాళీగా ఉంచేవారండీ, ఛీ, మనిషన్నవాడు ఇంత సునాయాసంగా ఎలా అబద్ధమాడతాడు.

పెద్దన్న రొట్టె తుంచుతూ అన్నాడు, బాగుంది సార్, మీరు బాగా తిన్నారు, బాగా తాగినారు, కానీ తిన్నోళ్ళు నాకు యాడైనా దొరుకుతారు సార్, పెట్టినోళ్ళు కావల్ల, అట్లాంటి చోట నిలబడి పనిచేసినోళ్ళు, మా పిల్లోళ్ళకు సీసా ఎట్ల పట్టుకోవల్లో నేర్పేటోళ్ళు, ఎవురన్నా తెలిస్తే సెప్పండి, కారు పంపి మరీ తెచ్చుకుంటా, అన్నాడు, జయంతి చెంచా కింద పెట్టింది, ఇక్కడే ఉన్నానండీ, మీకెదురుగానే, ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను, ఒక్క మాట అంటే చాలు, తిరిగొచ్చాక రెండేళ్ళుగా ఆ ఫ్లాట్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుక్కరు విజిళ్ళు లెక్కపెట్టుకుంటూ బతుకుతున్న ఈ మనిషికి మళ్ళీ ఒక చోటు దొరుకుతుంది, కానీ ఆ ఒక్క మాట అంటే ఈయన కుర్చీ పోతుంది, పెళ్ళాం తుడిచిన టేబుల్‌ని తను తిన్న టేబుల్‌గా చెప్పుకున్న మనిషిని పెద్దన్న దగ్గరికి రానిస్తాడా, ఈయన కాలు టేబుల్ కింద తన కాలిని తొక్కింది, మెల్లగానే, మాట్లాడకు అని, అన్నీ నేను చూసుకుంటానండీ, ట్రైనింగ్ ఎంతసేపు, అంటూ ఫోన్ తీశాడు, ఇదిగో చూడండి, మా ఆవిడ, అదే టేబుల్ దగ్గర, అదే మా పెళ్ళిరోజు.

ఆ ఫొటో, అయ్యో, దాన్నింకా ఉంచుకున్నాడా, కిటికీ, నది, తెల్లగుడ్డ, ముందు రీస్లింగ్ గ్లాసు, నల్లచొక్కాలో తను, రాణీలా నవ్వుతోంది, ఎడమ పక్క తొడ కింద నుంచి జానెడు నల్లతాడు బయటికి వేలాడుతోంది, ఏప్రాన్ తాడు, పెద్దన్నకు అది కనపడలేదు, కనపడినా తెలీదు, ఈయనకూ ఎన్నడూ కనపడలేదు, తనకే తెలుసు, రెస్టారెంటు తెరవకముందు, పదిన్నరకి, తోటి పిల్ల చేతికి ఫోనిచ్చి తియ్యవే అని, ఏప్రాన్ విప్పి చుట్టి కింద పెట్టుకుని కూర్చుంది, ఎవరు కూర్చోమన్నారు, ఈయనా, కాదు, ఈయన ఇంట్లో పడుకుని ఉన్నాడు, ఉద్యోగం పోయి ఎనిమిది నెలలు, ఆ ఎనిమిది నెలలూ ఇల్లు నడిపింది తనే, ఆ ఫొటో కింద మా పెళ్ళిరోజు, ఈయన తీసుకొచ్చారు అని రాసి అమ్మకు పంపింది తనే, మా అమ్మ కాకినాడలో మా వీధంతా తిప్పి చూపించింది దాన్ని, సాయంత్రం ఈయన చూసి ఏమన్నాడు, గుర్తు తెచ్చుకో జయంతీ, ఇన్నాళ్ళూ పక్కకి నెట్టేశావు, ఏమన్నాడు, ఇలా ఎందుకు రాశావు, నిజం చెప్తే ఏమైంది, నా ఉద్యోగం పోతే నువ్వు నిలబెట్టావని చెప్పు, అందులో తప్పేముంది, అన్నాడు, నువ్వేమన్నావు, ఊరుకోండి, మా పిన్ని కూతుళ్ళకి తెలిస్తే తలెత్తుకోగలనా, అన్నాను, కారు రెండు వీధుల అవతల ఆపమన్నది ఎవరు, నేనే, ఏటా ఒకరోజు పనివాళ్ళ ఇళ్ళవాళ్ళకి ఊరికే భోజనం పెడతారట కదా, వస్తాను, నువ్వు పోస్తే తాగుతాను, అని సరదాపడితే, వద్దండీ, తెలుగువాళ్ళెవరన్నా చూస్తారు అన్నది ఎవరు, నేనే, తెలుగు సంఘం వాళ్ళు కుటుంబాలతో వచ్చిన రోజు కూరగాయల చలిగదిలో ఇరవై నిమిషాలు పళ్ళు గిట్టకరచుకుని దాక్కున్నది ఎవరు, నేనే, దాక్కోమని ఒక్కరూ అనలేదు.

ఇన్నేళ్ళూ ఈయన సిగ్గుపడుతున్నాడని ఈయన మీద ఏడ్చింది, సిగ్గు తనది, తన పని తనకు చిన్నతనమైంది, ముసలావిడ ఇచ్చిన సర్టిఫికెట్‌ని చలికోట్ల కింద పూడ్చింది కూడా తన రెండు చేతులే, ఈయన చేసిందల్లా నేను కట్టిన అబద్ధంలో కాపరం పెట్టడం, ముందు మొహమాటంగా, తరవాత అలవాటుగా, ఇప్పుడు తనదే అనుకుని ఆ ఇంటి గుమ్మంలో నిలబడి, పాడు వాసన పసిగట్టిన ఓ చిన్నపిల్లని నోరు ముయ్యమన్నాడు, లోపల ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో, చలిగదిలో ఉందేమో, ఆ పిల్లని అక్కడికి పంపింది ఈయన నోరు కాదు, మాట్లాడకుండా కూర్చున్న నా నోరు.

మేనేజర్ గారూ, అంది జయంతి, కౌంటరు వైపు చెయ్యెత్తి, ఆ అమ్మాయిని పిలవండి, ఆ అమ్మాయి చెప్పింది నిజం, ఈ సీసా పాడైంది, బిరడా వాసన, పెద్దన్న తలెత్తి, నీకెట్ల తెలుసమ్మా అన్నాడు, ఈయన కాలు ఈసారి గట్టిగా తొక్కింది, నొప్పి పుట్టేలా, తను కాలు తీసుకోలేదు, ఈయన కళ్ళలోకి చూసింది, భయం, ఒట్టి భయం, మార్చి నెలంత భయం, క్షమించండి, ఈ అబద్ధం మీది కాదు, నేను మొదలుపెట్టిందే, అని లోపల అనుకుని, ఫోన్ ఈయన చేతిలోంచి మెల్లగా తీసుకుని పెద్దన్న ముందు పెట్టి, ఆ నల్లతాడు మీద వేలు ఆనించింది, ఇది ఏప్రాన్ తాడండీ, ఈ టేబుల్ నేను ఆరేళ్ళు తుడిచాను, కూర్చున్నది ఒక్కసారే, ఈ ఫొటో కోసం.