అంచు వరస సూదులు

సత్యదుర్గారావు బల్లమీది చెక్కపలకను మళ్ళీ కుదిపాడు. పలకనిండా దిక్సూచి సూదులు. అంచు వరసలోవి దగ్గర దగ్గరగా, లోపలివి ఎడంగా. కుదుపే వేడి అనుకోవాలి. అది తగ్గేకొద్దీ అంచు సూదులు ముందుగా ఒకే దిక్కుకు తిరిగాయి. లోపలివి ఎటుపడితే అటు ఊగుతున్నాయి.

"ఇదేనర్రా అయస్కాంతానికి నమూనా. పైపొరలో బంధం బాగా గట్టిదైతే, చల్లారేటప్పుడు ముందు పైపొర కుదురుతుంది. లోపల గందరగోళమే. ఇంకా చల్లారితే లోపలా కుదురుతుంది. ఆ రెండోదాని పేరు అసాధారణ పరివర్తన. అర్థమైందా?"

"ఆయ్!" అంది తరగతంతా ఒకే గొంతుతో.

"హేమా, ఏది ముందు కుదురుతుంది?"

"ఆయ్ అండి," అంది హేమ, లేచి నిలబడి ఎంతో మర్యాదగా.

ఆయనకు ఒళ్ళు మండింది. ముక్తేశ్వరం నుంచి బస్సులో నిలబడి, చెమటకు చొక్కా వీపుకంటుకుపోయి అమలాపురం చేరేది ఈ ఆయ్ కోసమా? ఆయ్ అంటే అవుననా, విన్నాననా, ఇక వదిలెయ్యమనా?

బక్కపలచటి మనిషి. సుద్దకు వేళ్ళ చివర్లు పగిలిపోయాయి. ఈ పాఠమంటే మాత్రం ప్రాణం. కాలేజీలో ఫిజిక్సు గ్రూపు ఉంచుతారో ఎత్తేస్తారో సాయంత్రం మీటింగులో తేలుతుంది. ఎత్తేస్తే ఆయనా ఇంటికే. తనవైపు మాట్లాడమని తోటి మాస్టర్లను ఒక్కొక్కరినే బతిమాలుకున్నాడు. "ఆయ్, మేం లేమేంటండీ!" అన్నారు అందరూ.

మీటింగులో కరస్పాండెంటు గంగబాబు గారు తీరిగ్గా గొంతు సవరించుకున్నారు. "పిల్లలు చేరట్లేదండి. ఫిజిక్సు తీసేసి కంప్యూటర్లు పెడదామాండీ?"

"ఆయ్," అన్నారు ఆ మాస్టర్లే. ముందు వరస మరీ గట్టిగా అంది.

దుర్గారావు కుర్చీ అంచుకు జరిగాడు. చెప్పాల్సిందంతా కూడగట్టుకుంటున్నాడు.

"దుర్గారావు మాస్టారూ!" అని పిలిచారు గంగబాబు గారు.

"ఆయ్," అన్నాడు, పిలిస్తే పలికే అలవాటు కొద్దీ. లేవబోయాడు.

"చూశారాండీ, మాస్టారే ఒప్పేసుకున్నారు!" గంగబాబు గారు కుర్చీ వెనక్కి నెట్టారు. చప్పట్లు మోగాయి.

"అది కాదండీ, నేను పలికేనంతే..."

వినబడినవాళ్ళు "ఆయ్" అంటూ వెళ్ళిపోయారు.

తనమీద తనకే అసహ్యం వేసింది. తరగతిలోకి వెళ్ళి క్యారేజీ సంచిలో పెట్టుకున్నాడు. పలకను చంకన పెట్టుకున్నాడు గానీ, ఇంటికి తీసుకెళ్ళి ఎవరికి చూపిస్తాడు? తిరిగి బల్లమీదే పెట్టేశాడు.

"రేపొస్తారాండీ మాస్టారూ?" తాళం పట్టుకుని నిలబడ్డ ఆయా అప్పాయమ్మ అడిగింది.

ఆయ్ అనబోయి ఆగాడు. "లేదమ్మా. రాను."

ఆ రోజు మొత్తానికి ఆయన లోపలున్న మాట పైకి రావడం అదొక్కసారే. ఆయన బయటికి రాగానే అప్పాయమ్మ తలుపు గట్టిగా లాగింది.

ఆ విసురుకి బల్ల కదిలింది. పలకమీద అంచు వరస సూదులు చటుక్కున సర్దుకుని ఒకే దిక్కుకు తిరిగాయి. లోపలివి ఇంకా ఊగుతూనే ఉన్నాయి.