హారన్ కొట్టని కారు

నెత్తిన ఎర్రటి ‘ఎల్’ బోర్డు పెట్టుకున్న కారు వెనకాల ఎవరైనా ఉంటారా? ఉండరు, ఉండలేరు. స్కూలు బస్సు దాటేస్తుంది, గ్యాసు బండి దాటేస్తుంది, కాస్త కాలి సత్తువ ఉంటే సైకిలు తొక్కే పెద్దమనిషి కూడా దాటేస్తాడు. దాటేవాళ్ళు ఊరికే పోతారా, చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టి, లోపలున్నది ఎవరో మెడ తిప్పి చూసి మరీ పోతారు. డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చోవడమే బతుకుతెరువుగా పెట్టుకున్న టీచరమ్మకి ఇది కొత్తేమీ కాదు. అందుకే ఆ బూడిదరంగు కారు ఆమె కంట్లో పడింది.

అది దాటలేదు. హారన్ కొట్టలేదు. ముందున్న కారు నత్తలా పాకితే అదీ పాకింది. ముందున్నది నడిరోడ్డు మీద ఆగిపోయి గుర్రుమంటే, కాస్త వెనక్కి తగ్గి అదీ ఆగింది. అంత ఓపిక కన్నతల్లికే ఉండదు, రోడ్డు మీద ముక్కూ మొహం తెలియనివాడికి ఎక్కణ్ణించి వస్తుంది?

టీచరమ్మ కారులో పక్క సీటు వాళ్ళకి కూడా ఒక బ్రేకు, ఒక అద్దం ఉంటాయి. ఆమె కాలు బ్రేకు మీద, కన్ను అద్దంలో పెట్టుకుని కూర్చుంది. మొన్న ఆ బూడిదరంగు కారు నడిపే అతను నల్ల టోపీ పెట్టుకున్నాడు. నిన్న టోపీ లేదు, కళ్ళజోడు ఉంది. ఇవాళ తెల్ల టోపీ. మనిషి మారినట్టు కనిపించాలని పాపం ఎంత తంటాలు పడ్డా, కారు ముందు బంపరు మీద గీత మాత్రం ఎక్కడికి పోతుంది? నిన్న వీధి చివర అదే కారు ఆగి ఉంటే పక్కనుంచి నడిచి వెళ్ళింది కూడా. అతను పేపరు చదువుతున్నాడు. ఆమె పాలు కొనుక్కుని తిరిగొచ్చేసరికీ అదే పేజీ. చదవడానికి అందులో ఏముందా అని చూస్తే మొత్తం టైర్ల ప్రకటన.

ఇంకెవరైనా అయితే టీచరమ్మ దిగి వెళ్ళి చెడామడా కడిగేసేదే. కానీ ఇక్కడ గొడవ చెయ్యడానికి లేదు. ఎందుకంటే స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నది స్వయానా ఆమె అత్తగారు. ఆవిడ కారు నేర్చుకుంటోందని ఇంట్లో పిట్టకి కూడా తెలియదు. తెలియకూడదు.

దాని వెనక ఉన్న కథ ఇది. టీచరమ్మ మామగారు దూరప్రయాణాల బస్సు నడిపి రిటైరైన మనిషి. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమెకి డ్రైవింగ్ నేర్పింది ఆయనే. “నేర్చుకునేవాళ్ళని చెడగొట్టేది రోడ్డు కాదమ్మా, వెనక మోగే హారన్” అనేవాడు. ఇప్పటికీ ఇంట్లో కారు తాళాలు ఆయన జేబు దాటి ఎరగవు. ఆ మనిషికి చూపు మందగించింది. ఆ మాట ఆయన చచ్చినా ఒప్పుకోడు. కప్పు పక్కన కాఫీ పోసి కప్పుని తిడతాడు. కారుని గేటు స్తంభానికి గుద్ది, ఆ స్తంభాన్ని కట్టినవాడికి బుద్ధి లేదన్నాడు. గడ్డం గీసుకునే సామాను వెనక కంట్లో వేసుకునే చుక్కలమందు దొరికితే, అత్తగారు చూసి, ఉన్నచోటే పెట్టేసింది.

అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆడపడుచుకి నెలలు నిండాయి. కూతుర్నీ పసిగుడ్డునీ ఆస్పత్రినుంచి తనే కారులో తీసుకొస్తానని మామగారు ఊరంతా చాటాడు. నేను తెస్తాను మామయ్యా అని టీచరమ్మ అన్నందుకు ఆయన అలిగి, ఆ పూట అన్నం కూడా సగంలో వదిలేశాడు. నేనుండగానా, అన్నాడు.

ఆ సాయంత్రమే అత్తగారు కోడల్ని పెరట్లోకి పిలిచింది.

“నువ్వు తీసుకుంటే తాళాలు లాక్కున్నట్టు ఉంటుందే. నేను అడిగితే ఇచ్చినట్టు ఉంటుంది. నాకు నేర్పు.”

లైసెన్సు చేతికి వచ్చేదాకా ఆయనకి తెలియకూడదని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. ముందే తెలిస్తే, నేను నడపలేనని అందరూ కూడబలుక్కున్నారా అని ఆ క్షణమే తాళాలు తీసుకుని రోడ్డెక్కుతాడు. ఆ చూపుతో రోడ్డెక్కితే ఎవరి మీదికి వెళ్తాడో, ఏ గోడకి కొడతాడో. అత్తగారికి నిద్ర పట్టనిది అందుకే. లైసెన్సు పరీక్ష ఈ వారంలోనే.

ఇదీ సంగతి. ఇలాంటప్పుడు వెనకాల ఒకడు కాపు కాస్తున్నాడంటే గుండె గుభేలుమనదూ?

టీచరమ్మ ముందు తన మీదే అనుమానపడింది. పక్క వీధి డ్రైవింగ్ స్కూలువాడికి తనంటే పడదు. లేకపోతే లైసెన్సు ఆఫీసువాళ్ళు మనిషిని పెట్టారేమో. అసలు తనే ఊహించుకుంటోందేమో, చూద్దామనుకుంది. నాలుగు రోడ్ల కూడలి రాగానే అత్తగారితో, ఎటూ తిరగకుండా గుండ్రంగానే తిప్పుతూ ఉండమని చెప్పింది. అత్తగారు తిప్పింది. బూడిదరంగు కారూ తిరిగింది. మళ్ళీ తిప్పింది. అదీ తిరిగింది. పనున్నవాడెవడైనా కూడలి చుట్టూ గానుగెద్దులా తిరుగుతాడా?

“ఎందుకే తిప్పిస్తున్నావు, నాకు కడుపులో తిప్పుతోంది” అంది అత్తగారు.

ఇక దాచి లాభం లేక టీచరమ్మ ఉన్నదంతా చెప్పేసింది. డిటెక్టివ్ లాగున్నాడు, మనల్ని గమనిస్తున్నాడు అంది. కంగారుపడి ఎక్కడ గుద్దేస్తుందోనని కాలు బ్రేకు మీద సిద్ధంగా పెట్టుకుంది కూడా. అత్తగారు కంగారుపడలేదు. అద్దం తనవైపు తిప్పుకుని వెనక్కోసారి చూసి, మళ్ళీ అద్దం సర్ది, నేను మొదట్నుంచీ చూస్తూనే ఉన్నాను, నిదానం బాబు కదూ, ఎంత మర్యాదస్తుడో అంది. ఆవిడ అతనికి పేరు కూడా పెట్టేసుకుంది! వెనక అతను ఉంటే తనకి నడపడం బాగా వస్తోందట. టీచరమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ రోజు నేర్చుకోవాల్సింది వంతెన ఎక్కడం. ఎత్తు మీద కారు ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ ముందుకి తీసుకెళ్ళాలి. పరీక్షలో సగంమంది తప్పేది అక్కడే. అత్తగారు సగం ఎత్తున ఆపింది. పళ్ళు బిగబట్టి, క్లచ్ మీద కాలు సగం లేపి, బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు ఉండేంత శ్రద్ధగా కూర్చుంది. కారు వణికింది, పట్టు దొరకబుచ్చుకుంది, ముందుకి కదిలింది. టీచరమ్మ శభాష్ అనబోతుంటే వెనకనుంచి మాడు వాసన వచ్చింది.

బూడిదరంగు కారు వంతెన మధ్యలో ఆగిపోయి ఉంది. కిందనుంచి పొగ. ఇన్నాళ్ళూ మొదటి గేరులో పాకించి పాకించి పాపం దాని క్లచ్ మాడిపోయింది. కొత్తగా నేర్చుకునే ఆవిడ వంతెన ఎక్కేసింది, ఏళ్ళ తరబడి నడుపుతున్నవాడు ఎక్కలేకపోయాడు.

అత్తగారు కారు పక్కకి ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, టీచరమ్మ వద్దంటున్నా వినకుండా నీళ్ళ సీసా తీసుకుని దిగింది. అతను అప్పటికే దిగి తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నాడు. నడివయసు మనిషి, కాస్త పొట్ట. వెనక సీట్లో టోపీలన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. అత్తగారు ముందు నీళ్ళు ఇచ్చింది. తాగేదాకా ఆగింది.

“ఈ వయసులో నా వెనక పడేవాడు ఒకడున్నాడంటే నాకూ సంతోషమే బాబూ. కానీ ఎందుకు పడ్డావో కూడా చెప్పు.”

అతను నీళ్ళు నమిలాడు. అబద్ధం ఏదో మొదలుపెట్టి, పొగ వస్తున్న కారు వైపు చూసి, నిట్టూర్చి మానేశాడు.

“మీ ఆయన పంపారమ్మా.”

వెనకే దిగొచ్చిన టీచరమ్మ అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. అయిపోయింది, అంతా అయిపోయింది. ఇంటికి వెళ్ళేసరికి ఆయన తాళాలు తీసుకుని బయల్దేరిపోయి ఉంటాడా? అత్తగారి మొహం కూడా పాలిపోయింది.

అతను గబగబా చెప్పుకొచ్చాడు. మధ్యాహ్నాలు మీరు చెప్పకుండా బయటికి వెళ్తున్నారని, అడిగితే మాట దాటేస్తున్నారని ఆయనకి బెంగ పట్టుకుందట. ఏదో పెద్ద జబ్బు చేసి, తనకి తెలియనివ్వకుండా డాక్టర్ల దగ్గరికి తిరుగుతోందేమోనని భయపడ్డాడట. ఏ ఆస్పత్రికి వెళ్తోందో కనుక్కొమ్మన్నాడు. ఇతను మొదటి రోజే ఫొటోలు తీసి ఇచ్చాడు.

“ఫొటోలు ముక్కుకి ఆనించుకుని చూశారమ్మా. ‘కారు మీద ఎర్రగా ఏదో ఉంది, ఏమిటది’ అని నన్నే అడిగారు. చెప్పాను.”

“ఏమన్నారు?” అంది అత్తగారు.

“ఫొటోలు మళ్ళీ దగ్గరికి తెచ్చుకున్నారు. తర్వాత, క్లచ్ ఎలా వదులుతోంది అని అడిగారు. ఎగిరెగిరి పడుతోందండీ అన్నాను. నవ్వారు. నా పని అయిపోయింది కదా అని లేచాను. అయిపోలేదు, రేపట్నుంచీ కూడా వెళ్ళు అన్నారు. ‘దాటకు, హారన్ కొట్టకు, మధ్యలోకి ఇంకొకణ్ణి రానివ్వకు. కొట్టేవాళ్ళు నీకు కొడతారు. ఆమె బెదరకూడదు. నేనే వెళ్ళేవాణ్ణి బాబూ, నాకు రోడ్డు కనపడటం లేదు’ అన్నారమ్మా.”

అత్తగారు వంతెన గోడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇంట్లో ఒక్కరి దగ్గరా బయటపెట్టని మాట ఆ మనిషి, టోపీలు మార్చుకునే ఈ అపరిచితుడి దగ్గర బయటపెట్టాడు. అదీ ఆవిడ కోసం. పమిట చెంగు కళ్ళకి అద్దుకుంది, అద్దుకుంటూనే నవ్వింది. సంతోషమో దుఃఖమో తేల్చుకునే ఓపిక ఆవిడకి లేదు, రెండూ కలిపే ఏడ్చింది.

టీచరమ్మకి అప్పుడు ఇంకో సంగతి తట్టింది. తను నేర్చుకునే రోజుల్లో మామగారి బస్సు కండక్టరు, ఎప్పుడు చూసినా తమ వెనకే మోపెడ్ మీద వస్తూ ఉండేవాడు. ఏ పనీ లేని మనిషి అనుకునేది. ఒక్కసారైనా తన వెనక హారన్ మోగలేదు. అదంతా తన తెలివే అనుకుని ఇన్నాళ్ళూ మురిసిపోయింది. ఎంత పిచ్చిది!

అత్తగారు తేరుకుని నిదానం బాబుకి ఒక్కటే చెప్పింది. మేము నిన్ను పట్టుకున్నట్టు ఆయనకి తెలియనివ్వకు, కారు బాగు చేయించుకుని మళ్ళీ వెనకాలే రా అంది. అతను బుద్ధిగా తలూపాడు.

పరీక్ష రోజు ఆఫీసరు మొహం చిట్లించుకుని పక్కన కూర్చున్నాడు. అత్తగారు ఎత్తు మీద ఆపింది, జారకుండా ఎక్కించింది. ఆఫీసరు సంతకం పెట్టాడు. టీచరమ్మ ఎంతమందిని గట్టెక్కించిందో కానీ, ఆ రోజు గంతులేసినంత పని చేసింది.

ఆ మర్నాడే ఆడపడుచుకి ఆడపిల్ల పుట్టిందని కబురు వచ్చింది. బిడ్డని ఇంటికి తెచ్చే రోజున మామగారు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తాళాలు చేత్తో పట్టుకుని వరండాలో కూర్చున్నాడు. లేవడు, కదలడు. అత్తగారు వెళ్ళి ఎదురుగా నిలబడి చెయ్యి చాపింది. లైసెన్సు చూపించలేదు, ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన ఆ చేతిని కాసేపు తడుముతున్నట్టు చూశాడు. తాళాలు అందులో పెట్టి, ఆ వేళ్ళు తనే మూసి, వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు. టీచరమ్మ వెనక సీట్లో ఎక్కింది.

అత్తగారు వీధి మలుపు తిప్పింది. లేని బ్రేకుని మామగారి కాలు తొక్కుతూనే ఉంది. పెద్ద రోడ్డు మీదికి వచ్చాక ఆయన గొంతు సవరించుకున్నాడు.

“ముందు ఏముందో చెప్తూ నడుపు. నాకు ఆనడం లేదు.”

అత్తగారు చెప్పడం మొదలుపెట్టింది. ఎదర సిమెంటు లారీ. దాని పక్కన ఎర్ర స్కూటరు, దాని మీద ఇద్దరు. ఇప్పుడు పచ్చ దీపం పడింది. ఆయన ఊఁ కొడుతూ, సీట్లో వెనక్కి వాలి, కాలు తొక్కడం మానేశాడు. ఈ జన్మలో ఆయన్ని అంత హాయిగా కారులో కూర్చోగా టీచరమ్మ చూసి ఎరగదు.

“వెనకాల ఎవరైనా ఉన్నారా?” అన్నాడు ఉన్నట్టుండి.

టీచరమ్మ వెనక్కి తిరిగి చూసింది. బూడిదరంగు కారు. ఇవాళ టోపీ కూడా పెట్టుకోలేదు.

“ఉన్నాడు మామయ్యా.”

ముందు సీట్లో అత్తగారు పెదవి కొరుక్కుంది. మామగారు మొహం కిటికీ వైపు తిప్పుకుని నవ్వు దాచుకోబోయాడు, కుదరలేదు.

“ఇక వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపమ్మా. మీ అత్తయ్యకి నడపడం వచ్చేసింది.”

టీచరమ్మ కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి ఊపింది. బూడిదరంగు కారు కాసేపు ఆలోచించి, పక్కకి వచ్చి, మొట్టమొదటిసారి గట్టిగా హారన్ కొట్టి వాళ్ళని దాటుకుని వెళ్ళిపోయింది. అత్తగారు బెదరలేదు. ఎదర వంతెన వస్తోందని ఆయనకి చెప్పి, గేరు మార్చింది.